కొమురెల్లికి కీబోర్డు రాదు

ఇది మా అబ్బాయి ప్రేమకథ. ఇందులో నాది తండ్రి పాత్ర. సినిమాల్లో ఈ పాత్రకు ఒక డ్రెస్సింగ్ గౌను, మెలి తిరిగిన మెట్లు ఉంటాయి. ఆ మెట్లు దిగుతూ "ఈ పెళ్లి జరగదు" అంటాడు. నాచారంలో మాది రెండు గదుల ఇల్లు. మెట్లు లేవు. నాకు లుంగీ ఉంది, బీపీ మాత్రలు ఉన్నాయి, అందరికంటే ఆలస్యంగా అర్థం చేసుకునే గుణం ఉంది.

కథ ఉప్పల్ మెట్రో స్టేషన్లో మొదలైంది. అప్పుడు నేను అక్కడ లేను. ఇద్దరూ తర్వాత చెరో ముక్కా చెబితే అతికించుకున్నాను.

మా బెంజమిన్ వారమంతా మందుల కంపెనీ ల్యాబులో పని చేస్తాడు, ఆదివారం మా చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. ఆ సాయంత్రం ఉప్పల్లో కీబోర్డు రిపేరు చేయించుకుని, దాన్ని వీపుకు తగిలించుకుని, హబ్సిగూడ దాకా మెట్రోలో వద్దామని స్టేషన్ ఎక్కాడు. స్కానర్ దగ్గర ఆపేశారు. గొడవ విని టికెట్ కౌంటర్లోంచి ఒక కుర్రాడు బయటికి వచ్చాడు.

"సార్, గీ సైజు సామాను లోపలికి రానియ్యరు."

"ఇది సామాను కాదు, సంగీతం."

"సంగీతానికైనా సైజు ఉంటది సార్. రూలు అట్లున్నది."

"మీ పేరేంది?" అన్నాడు బెంజమిన్, పైవాళ్లకు కంప్లయింటు ఇచ్చేవాడిలా.

"కొమురెల్లి."

"అసలు పేరు అడుగుతున్న."

"అసలుదే చెప్పిన సార్. మా తాత పేరు. నవ్వుడు అయిపోతే జర పక్కకు నిలబడున్రి, లైన్ ఆగింది."

బెంజమిన్ కిందికి దిగేసరికి వాన. ఆటోవాళ్లు ఆ పొడుగాటి సంచీని చూసి, అప్పు కోసం చుట్టం చెయ్యి చాచినట్టు ముఖం తిప్పుకుని పోతున్నారు. మెట్ల కింద ఒక కాలి మీదా, తర్వాత రెండో కాలి మీదా నిలబడి చూస్తున్నాడు. అంతలో డ్యూటీ ముగించుకుని కొమురెల్లి దిగాడు. చూశాడు. గొడుగు విప్పాడు. విప్పి కీబోర్డు మీద పట్టాడు.

"మరి నేను?" అన్నాడు బెంజమిన్, నెత్తి మీద ధార పడుతుంటే.

"మీరు తడిస్తే ఆరుతరు సార్. గిది తడిస్తే ఆరదు."

ప్రేమలో పడటానికి ఒక్కొక్కరికి ఒక్కో కారణం కావాలి. మా వాడికి ఈ రెండు ముక్కలు చాలాయట.

కొమురెల్లి తన స్కూటీ మీద నాచారం దాకా తెచ్చి దింపాడు. నేను తలుపు తీస్తే ఇద్దరూ చెరువులోంచి తీసినట్టున్నారు. కీబోర్డు మాత్రం పొడిగా ఉంది. తువ్వాళ్లు ఇచ్చి, "ఎవరు బిడ్డా?" అని అడిగాను. చాలా మామూలు ప్రశ్న. మా వాడు నోరు తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు.

"స్టూడెంటు డాడీ. కీబోర్డు నేర్చుకుంటడట."

కొమురెల్లి మా వాణ్ణి చూశాడు. కీబోర్డును చూశాడు. నన్ను చూశాడు.

"అవునంకుల్," అన్నాడు తల తుడుచుకుంటూ. "మస్తు ఇష్టం."

అప్పటి నుంచి ప్రతి శనివారం సాయంత్రం మా హాల్లో క్లాసు.

ఇక్కడ నా ఘనత కొంత చెప్పుకోవాలి. బీఎస్సీ చదివి, నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో బేరింగులు చేసే ఒక కంపెనీలో ఇన్‌స్పెక్షన్ సెక్షన్లో చేరి, అక్కడే రిటైరయ్యాను. బేరింగులో వెంట్రుక మందంలో పదో వంతు తేడా ఉన్నా పక్కన పడేసేవాణ్ణి. "మోషే కంటికి చిక్కకుండా ఏదీ గేటు దాటదు" అనేవాళ్లు. అదే కన్ను పెట్టుకుని, అదే హాల్లో, పేపరు చదువుతూ దాదాపు ఏడాది కూర్చున్నాను. నాకేమీ కనబడలేదు.

శనివారం మధ్యాహ్నం నుంచే బెంజమిన్ చొక్కాలు ఇస్త్రీ చేసేవాడు. మూడు తొడిగి చూసి మొదటిదే వేసుకునేవాడు. పాఠం చెప్పడమంటే ఎంత గౌరవమో అనుకున్నాను. కొమురెల్లి నాగారంలో తన అక్క స్వర్ణలత ఇంట్లో ఉండేవాడు; ఆమె చేసిన సకినాలు డబ్బా నిండా తెచ్చేవాడు. గురుదక్షిణ అనుకున్నాను. వాన పడిన రోజు క్లాసు ఎక్కువసేపు సాగేది. తడి గాలికి కీబోర్డు బాగా పలుకుతుంది కాబోలు అనుకున్నాను.

"అది నల్లది కొమురెల్లీ. తెల్లది నొక్కు."

"నల్లది అందంగ ఉన్నది సార్."

"అందం చూసి నొక్కుతవా?"

"అందం చూసే కద సార్ వచ్చింది."

పేపరు వెనకాల నేను తల పంకించాను. వాయిద్యం మీద ఎంత ప్రేమ! బెంజమిన్ అతని వేలు పట్టుకుని మీట మీద పెట్టేవాడు. పెట్టిన వేలిని వెంటనే వదిలేవాడు కాదు. ఎంత ఓపిక!

కొమురెల్లికి సంగీతం ఎంత దూరమంటే, ఒక కీర్తనలో మొదటి లైను పట్టుకుని కాలాలు మారాయి, అతను మాత్రం రెండో లైనుకు మారలేదు. పక్కింటి కౌసల్యమ్మ గోడ మీంచి అడిగింది.

"మోషే అన్నా, గా పోరడు ఇంకెన్ని రోజులు నేర్చుకుంటడు? శనివారం వస్తే మా కుక్క బువ్వ తింటలేదు."

"సాధన చేస్తున్నడమ్మా."

"సాధన ఆయన చేస్తున్నడో, మనం చేస్తున్నమో!"

కానీ ఒక సంగతి. మా ఆవిడ ఎస్తేరు పోయాక మా ఇంట్లో చప్పుడు కూడా పోయింది. ఫ్రిజ్ గుర్రుమంటే ఉలిక్కిపడే ఇల్లయింది. తప్పుడు స్వరాలైనా సరే, శనివారం కోసం నేనూ ఎదురుచూడటం మొదలుపెట్టాను. కొమురెల్లి వచ్చాక వంటింట్లో కారే నల్లా ఆగింది. గోడ మీద వంకరపోయిన ఎస్తేరు ఫొటో సరయింది. "అంకుల్, బీపీ చూపిచ్చుకున్నరా?" అని అడిగేవాడు. జవాబు వినేదాకా ఆగేవాడు కూడా. అడిగేవాళ్లు చాలామంది ఉంటారు, ఆగేవాళ్లు తక్కువ.

ఇంత మంచి కుర్రాడికి నేనూ ఏదైనా మేలు చెయ్యాలనుకున్నాను. నేను మేలు తలపెట్టినప్పుడల్లా ఎవరో ఒకరి మీదికి వస్తుంది.

మా చర్చిలో ఒక ఆనవాయితీ ఉంది. మన ఇంట్లో ఎవరైనా పాటో వాయిద్యమో నేర్చుకుంటుంటే, కోత పండుగ నాడు సంఘం ముందు ఒక ప్రత్యేక గీతం ఇవ్వాలి. ఎట్లా పాడినా అందరూ ఆమెన్ అంటారు, అది వేరే సంగతి. పేరు పెద్దవాళ్లే ఇస్తారు. పిల్లల్ని అడిగితే సిగ్గుపడి వద్దంటారని అడగరు. నేను పోయి కొమురెల్లి పేరు ఇచ్చి వచ్చాను. ఇంట్లో చెప్పలేదు. సర్‌ప్రైజ్ ఇద్దామని.

ఆదివారం పాస్టరు గారు మైకులో ప్రకటించారు. "వచ్చే వారం కోత పండుగలో మన బెంజమిన్ శిష్యుడు, సహోదరుడు కొమురెల్లి, కీబోర్డు మీద ప్రత్యేక గీతం వాయిస్తాడు."

కీబోర్డు ముందు కూర్చున్న బెంజమిన్ మోచెయ్యి జారింది. మీటలన్నీ ఒక్కసారే మోగాయి. సంఘం అది ఆరాధనలో భాగమనుకుని "స్తోత్రం" అన్నది.

ఆ సాయంత్రమే కొమురెల్లి వచ్చాడు. శనివారం కాని రోజున రావడం అదే మొదలు.

"అంకుల్, నా పేరు తీసేయించున్రి."

"భయపడకు బాబూ. మొదటి లైను వచ్చు కద, అదే నాలుగుసార్లు వాయించు."

"అది గూడ రాదంకుల్. నాకు కీబోర్డు రాదు. ఈ జన్మల రాదు. నేను దానికోసం వస్తలేను."

"మరి దేనికోసం వస్తున్నవు?"

కొమురెల్లి బెంజమిన్ వైపు చూశాడు. "సార్ చెప్తడు," అన్నాడు.

బెంజమిన్ కీబోర్డు వైరును చుట్ట చుడుతున్నాడు. చుట్టిందే మళ్లీ విప్పి చుట్టాడు. ఆ కాసేపూ కొమురెల్లి ముఖంలో ఒక ఆశ ఉంది. నేను చూశాను. చూశానంతే, చదవలేదు.

"ఫ్రెండ్ డాడీ," అన్నాడు బెంజమిన్ చివరికి. "ఊకెనే... టైంపాస్‌కు వస్తడు."

కొమురెల్లి టీ కప్పు కింద పెట్టాడు. చాలా నెమ్మదిగా, చప్పుడు కాకుండా పెట్టాడు.

"ఇన్ని రోజులు స్టూడెంటును. ఇయ్యాల టైంపాస్‌ను. గిది ప్రమోషనా, డిమోషనా తెలుస్తలేదు సార్," అని చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

రాత్రి వంటకు బెంజమిన్ ఉల్లిగడ్డలు తరుగుతున్నాడు. నేను బియ్యం కడిగి కుక్కర్ పెట్టాను.

"డాడీ, కొమురెల్లి నా స్టూడెంట్ కాదు."

"తెలిసింది కద బిడ్డా."

"ఫ్రెండ్ గూడ కాదు."

"మరి?"

కత్తి ఆగింది. "నువ్వు అమ్మను చూసినట్టు నేను కొమురెల్లిని చూస్త డాడీ. ఆయన నన్ను గూడ అట్లనే."

కుక్కర్ కూత పెట్టింది. ఇంట్లో ఎవరో ఒకరు మాట్లాడాలి కదా.

నాది విశాలమైన మనసని నా నమ్మకం. కులం పట్టించుకోను, కట్నం మాట ఎత్తను, పేపర్లో ఇలాంటి వాళ్ల మీద దాడి జరిగిందని చదివితే "పాపం, వాళ్లూ మనుషులే కదా" అనుకుని పేజీ తిప్పేవాణ్ణి. పేజీ తిప్పడం తేలిక. ఆ మనిషి మన వంటింట్లో ఉల్లిగడ్డలు తరుగుతుంటే తిప్పడానికి పేజీ ఉండదు. నా విశాలమైన మనసు గబగబా చెప్పులు వెతుక్కుంది.

"కేసు గిట్ల అయితదా?" ఏడాది సంగీతం విన్న తండ్రి వేసిన మొదటి ప్రశ్న అది.

"కాదు డాడీ. మాది నేరమనే సెక్షన్‌ను సుప్రీంకోర్టు ఎప్పుడో కొట్టేసింది."

"మరి పెళ్లి?"

"దానికి ఇంకా చట్టం లేదు."

"సగం పని చేసి వదిలిపెట్టిన్రా?" అన్నాను. ఇన్‌స్పెక్షన్ వాణ్ణి. సగం పని చూస్తే నాకు మంట.

బెంజమిన్ నవ్వాడు. కళ్లు తుడుచుకుని ఆ నేరం ఉల్లిగడ్డల మీద వేశాడు. నేను ఇంకో వంకర ప్రశ్న అడిగాను.

"నా పెంపకంల ఏమన్న తప్పు అయిందా? మీ అమ్మ లేక..."

"అమ్మ ఉన్నప్పుడు గూడ నేను గిట్లనే ఉన్న డాడీ. ఇది రోగం గాదు, ఎవరి తప్పు గాదు. అమ్మకు చెప్పిన గూడ. ఇంటర్ల ఉన్నప్పుడు."

ఎస్తేరుకు తెలుసు! నా బీపీ మాత్ర ఎక్కడ పెట్టిందో కూడా నాలుగుసార్లు చెప్పే మనిషి, ఈ మాట మాత్రం పొట్టలో పెట్టుకుని పోయింది.

"ఏమన్నది?"

"మీ డాడీకి నిమ్మళంగ చెప్పు బిడ్డా, మనిషి మంచోడే గని ముందుగాల భయపడతడు, అన్నది."

"నేనెందుకు భయపడత?" అన్నాను రోషంగా. గ్లాసెడు నీళ్లు తాగాను. తాగి, చాలా ఉదారంగా, చాలా ప్రేమగా చెప్పాను: "నువ్వెట్లున్నా నా కొడుకువే. కాని బిడ్డా, ఎవ్వరికీ చెప్పకు."

బెంజమిన్ నా వైపు చూశాడు.

"ఇన్నేండ్ల నుంచి చేస్తున్నది అదే కద డాడీ."

ఆ మాట అక్కడితో ఆగలేదు. బెంజమిన్ ఫోన్ చేసి, టైంపాస్ అన్నందుకు కొమురెల్లిని బతిమాలుకున్నాడు. నాకు చెప్పేశానన్నాడు. అతని దగ్గర దాచడం రాని పిల్లాడు కదా, నేనేమన్నానో కూడా చెప్పాడు.

కొమురెల్లి అంతా విన్నాడట. "నువ్వు చెప్పినవు, గదే సంతోషం బెంజీ. కాని నా సంగతి తెలిసినప్పటి సంది చుట్టాలొస్తే మా బావ నన్ను మిద్దె మీదికి పొమ్మంటడు. వాళ్లు పోయేదాక నీళ్ల ట్యాంకు పక్కన కూసుంట. మీ ఇంట్ల గూడ గట్లనే అయితే, నాకు ఇంకో మిద్దె వద్దు," అన్నాడట.

ఆ వారం మా ఇల్లు మళ్లీ ఫ్రిజ్ చప్పుడు వినే ఇల్లయింది. బెంజమిన్ కీబోర్డు ముందు కూర్చునేవాడు. స్విచ్ వేసేవాడు కాదు. వేళ్లు మాత్రం కదిలేవి. శనివారం ఇస్త్రీ పెట్టె బయటికి రాలేదు.

"కుక్క ఇయ్యాల కడుపు నిండ తిన్నది," అన్నది కౌసల్యమ్మ గోడ మీంచి. మళ్లీ తనే, "పోరడు ఎందుకు రాలే?" అన్నది. నేను దండెం మీది లుంగీ తీసుకుని లోపలికి వచ్చేశాను. ఎవరికీ చెప్పకూడదని రూలు పెట్టింది నేనే.

నేను చదువుకున్న మనిషినని ఫోన్లో వీడియోలు పెట్టుకుని కూర్చున్నాను. చెవుల్లో పెట్టుకునేవి వాడటం రాదు, అందుకని వీధంతా నాతో పాటు విద్యావంతమైంది. ఒక డాక్టరమ్మ తెలుగులో చక్కగా చెప్పింది: మీ పిల్లల్ని మార్చాలని చూడకండి, వాళ్ల పక్కన నిలబడండి. నిలబడటం నాకు వచ్చు. ఉద్యోగమంతా బెంచీ పక్కన నిలబడే చేశాను. ఎక్కడ నిలబడాలన్నదే తేలలేదు.

కోత పండుగ వచ్చింది. చర్చి ముందు చెరుకు గడలు, కోళ్లు, కూరగాయలు, గుమ్మడికాయలు. మొదటి పంట, మొదటి జీతంతో కొన్నది, ఎవరికి తోచింది వాళ్లు తెచ్చి పెట్టారు. తీసేయిస్తే కారణం అడుగుతారని కొమురెల్లి పేరు నేను అలాగే ఉంచేశాను. ఆరాధన మధ్యలో పాస్టరు గారు పిలిచారు. "సహోదరుడు కొమురెల్లి!"

ఎవరూ లేవలేదు. బెంజమిన్ తల వంచుకున్నాడు. సంఘమంతా మా బెంచీ వైపు తిరిగింది. నేను లేచి నిలబడ్డాను. నిలబడాల్సిన చోటు ఇదేనేమో అనుకున్నాను కూడా. నోరు తెరిస్తే బయటికి వచ్చింది ఇది:

"పిల్లగాని వేళ్లకు దెబ్బ తగిలిందండీ."

"అయ్యో" అన్నారందరూ. మా సంఘంలో మరియమ్మ అని ఒక పెద్దావిడ ఉంది. ఆమె అక్కడికక్కడే లేచి కొమురెల్లి వేళ్ల కోసం ప్రార్థన చేసింది. బొటనవేలి నుంచి మొదలుపెట్టి ఒక్కో వేలుకూ విడిగా. చిటికెన వేలు వచ్చేసరికి నేను చెమటతో తడిసిపోయాను. స్టూడెంటు, ఫ్రెండు, టైంపాస్ అంటూ నా కొడుకు ఇన్ని అబద్ధాలు ఎక్కడ నేర్చుకున్నాడా అని వారమంతా ఆలోచించాను. దూరం పోనక్కర్లేదు. ఎవ్వరికీ చెప్పకు అన్నది వాళ్లను కాపాడటానికి అనుకున్నాను. కాదు. ఈ బెంచీలో నా చోటు కాపాడుకోవడానికి.

తర్వాత ఆ తెచ్చిన వాటికి చర్చి కోసం వేలంపాట. కళ్లు తుడుచుకుందామని చెయ్యెత్తాను. "మోషే గారి పాటే ఖాయం!" అని అరిచి ఒక పెద్ద గుమ్మడికాయ నా చేతుల్లో పెట్టారు. మరియమ్మ వచ్చి దాని మీద ఒక నూనె సీసా పెట్టింది. "ప్రార్థన చేసిన నూనె అన్నా. పిల్లగాని చేతికి రాయి."

"బిడ్డా, నువ్వు ఇంటికి పో. నాకు ఉప్పల్ల పని ఉంది," అని బెంజమిన్‌ను పంపించి, గుమ్మడికాయను ఒళ్లో పెట్టుకుని ఆటో ఎక్కాను.

ఆ రోజు ఉప్పల్లో క్రికెట్ మ్యాచ్. వరంగల్ వైపు నుంచి వచ్చిన బస్సులు దిగిన జనం నీలం చొక్కాలతో మెట్రో స్టేషన్ నిండా ఉన్నారు. కొమురెల్లి కౌంటర్ ముందు లైను మెట్ల దాకా ఉంది. నేను చివర నిలబడ్డాను. మనసులో ఒక మంచి ఉపన్యాసం తయారుచేసుకున్నాను. లైను నెమ్మదిగా కదిలింది, ఉపన్యాసం ఒక్కో మాటా రాలిపోయింది. అద్దం ముందుకు చేరేసరికి నా దగ్గర గుమ్మడికాయ మాత్రమే మిగిలింది. దాన్ని గట్టు మీద పెట్టాను.

"ఎక్కడికి సార్?" స్పీకర్లోంచి వచ్చింది. అతను తల ఎత్తలేదు.

"ఎక్కడికీ గాదు. నీ దగ్గరికే."

తల ఎత్తాడు. నన్ను చూశాడు, గుమ్మడికాయను చూశాడు.

"అంకుల్... టికెట్ తీసుకోకుంటే లైన్ల నిలబడొద్దు."

"అయితే ఒకటి ఇయ్యి."

"ఎక్కడికి?"

"దగ్గర్ల ఏదుంటే అది."

"స్టేడియం."

వెనక నుంచి ఎవరో అరిచారు. "పెద్దాయనా, గుమ్మడికాయకు గూడ ఒకటి తీసుకో! జల్ది!"

"నీ వేళ్లకు దెబ్బ తగిలిందని చర్చిల చెప్పిన," అన్నాను. "మరియమ్మ నూనె పంపింది."

"నాకేం దెబ్బ తగల్లే అంకుల్." సీసా వైపు చూశాడు. "వేళ్లకైతే తగల్లే."

ఆ మాట నాకు తగిలింది. అద్దానికి దగ్గరగా వంగాను.

"ఎవ్వరికీ చెప్పకు అన్న. తప్పు మాట. మీ మంచికే అన్న అనుకున్న గాని, నా భయానికి అన్న. నువ్వు మిద్దె మీద కూసుండే మనిషివి కాదు బిడ్డా."

"అంకుల్, మైకు ఆన్ ఉన్నది."

"ఏ మైకు?"

"మీ దిక్కుది గూడ. బయట స్పీకర్ల అందరికి వినబడుతున్నది."

వెనక్కి తిరిగి చూశాను. నీలం చొక్కాల లైను మొత్తం నన్నే చూస్తోంది. నాకు మైకంటే భయం. కంపెనీలో రిటైర్మెంటు నాడు కూడా "థ్యాంక్స్" అని కూర్చున్నవాణ్ణి. అప్పుడనిపించింది, ఇప్పుడు గొంతు తగ్గిస్తే మళ్లీ ఎవ్వరికీ చెప్పకు అన్నట్టే.

"ఉండనియ్యి," అన్నాను. "మా బెంజమిన్ నిన్ను ప్రేమిస్తున్నడు. నాకు అర్థం కావడానికి జర టైం పట్టింది. కొంత ఇంకా పడతది. నువ్వు మా ఇంటికి రా. కీబోర్డు కోసం వద్దు."

"మరి ఎట్ల రావాలె అంకుల్?" మైకుకు దగ్గరగా జరిగాడు. స్పీకరు కొంచెం గరగరలాడింది.

"మా ఇంటి మనిషి లెక్క రా. చుట్టాలొస్తే నా పక్కన కూసో."

వెనక ఒక్కసారిగా చప్పట్లు, ఈలలు! నా గుండె పొంగింది. హైదరాబాద్ ఎంత మారింది అనుకుని, చెయ్యెత్తి ఊపాను కూడా. పక్కన రెండో కౌంటర్ తెరిచారట. లైనంతా అటు పరుగెత్తింది.

ఒక్క అమ్మాయి మాత్రం పోతూ పోతూ ఆగి, "మంచి మాట చెప్పిన్రంకుల్," అని వెళ్లింది. నాకది చాలు.

కొమురెల్లి నా టికెట్ కాగితంతో కళ్లు తుడుచుకున్నాడు. అది తడిసిందని ఇంకోటి తీసి ఇచ్చాడు.

"డ్యూటీ ఏడింటికి అయిపోతది," అన్నాడు. తర్వాత, "గుమ్మడికాయ తీయున్రి అంకుల్, మీ ముఖం కనబడుతలేదు," అన్నాడు.

తీసుకున్న టికెట్ పారేయడం ఇష్టం లేక స్టేడియం దాకా వెళ్లాను. రైల్లో కుర్రాళ్లు గుమ్మడికాయను చూసి, "తాతా, దిష్టికా? టాస్‌కు ముందల కొట్టు!" అన్నారు. సరేనన్నాను. ఆ రోజు ఎవరేమన్నా సరేననే స్థితిలో ఉన్నాను. దాన్ని మాత్రం కొట్టనివ్వలేదు. ఇంటికి తెచ్చి పులుసు పెట్టాను.

బెంజమిన్‌కు నేనేమీ చెప్పలేదు. తలుపు చప్పుడైతే వాడే వెళ్లి తీశాడు. తీసి, అక్కడే నిలబడిపోయాడు.

"క్లాసు ఉన్నదా సార్?"

"లేదు," అన్నాడు బెంజమిన్. "క్లాసులు బంద్."

"మస్తు సంతోషం. మరి నన్నేం టైంపాస్ చెయ్యమంటరు?"

"సారీ కొమురెల్లీ."

"ఇంకోసారి."

"సారీ."

"స్వరం తప్పింది. ఇంకోసారి అనున్రి."

మూడోసారి ఏమన్నాడో నాకు వినబడలేదు. ఇద్దరూ నవ్వడం వినబడింది. నేను గరిటె పట్టుకుని వంటింట్లోనే ఉండిపోయాను. పులుసుకు నా అవసరం ఉందని కాదు.

గోడ అవతల నుంచి కౌసల్యమ్మ. "మోషే అన్నా, గా పోరడు మళ్ల వచ్చిండా?"

కిటికీ దగ్గరికి వెళ్లాను. "వచ్చిండమ్మా. ఇంక ఎప్పుడూ వస్తడు. మా బెంజమిన్ మనసైన మనిషి. మా ఇంటి మనిషి."

ఆమె గోడ మీంచి ఇటు తొంగి చూసింది. నా చేతిలో గరిటె బరువెక్కింది.

"కీబోర్డు గూడ ఉంటదా?" అన్నది చివరికి.

"లేదమ్మా. బంద్ చేసిన్రు."

"గట్లయితే రానియ్యి."

ఆమెకు ఎంత అర్థమైందో నాకు తెలియదు. చర్చిలో ఎప్పుడు, ఎట్లా చెబుతానో కూడా తెలియదు. మరియమ్మ వేళ్ల సంగతి అడిగితే మాత్రం, "వేళ్లకేం కాలేదమ్మా, నిజం చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు," అంటాను. అక్కడి నుంచి చూద్దాం.

భోజనానికి కూర్చున్నాం. మా ఇంట్లో భోజనం ముందు ప్రార్థన నాదే. పేరు పేరునా చేస్తాను. అందులో నాకో పద్ధతి ఉంది. జంటలు ఒకే మాటలో కలిసి వస్తారు, మిగతా వాళ్లు ఒక్కొక్కరుగా వస్తారు. కళ్లు మూసుకుని మొదలుపెట్టాను.

"మా చెల్లె గ్రేసీనీ, రవి కుమార్‌నూ దీవించు తండ్రీ. కాళ్ల నొప్పులతో ఉన్న కౌసల్యమ్మను దీవించు తండ్రీ."

తర్వాత బెంజమిన్ వస్తాడు. పుట్టిన నాటి నుంచి వాడికి ఒంటరిగా ఒక మాట ఉంది. నాలుక అలవాటు కొద్దీ దాని మీదికే పోయింది. ఆపాను. ఊపిరి తీసుకున్నాను.

"బెంజమిన్‌నూ, కొమురెల్లినీ దీవించు తండ్రీ."

"ఆమెన్!" అన్నాడు కొమురెల్లి, గట్టిగా.

"ఇంకా అయిపోలే," అని గుసగుసలాడాడు బెంజమిన్.

"నాకు కావలసింది అయిపోయింది కద."

నేను కళ్లు తెరవలేదు. మా కాలంలో ఒక పాస్టరు గారు ఉండేవారు, ప్రార్థన మొదలుపెడితే వాచీ చూసుకునేవారు కాదు. అందరూ విసుక్కునేవారు. ఎస్తేరు చెయ్యి నేను మొదటిసారి పట్టుకున్నది అలాంటి ఒక పొడుగు ప్రార్థనలోనే. పెద్దవాళ్లు కళ్లు మూసుకుని ఉండటం కూడా ఒక సాయమే.

అందుకని ఆపకుండా సాగించాను. వానలను దీవించమన్నాను, నాచారం నాలాలను దీవించమన్నాను. మెట్రోలో పని చేసేవాళ్లను, మందుల ల్యాబుల్లో పని చేసేవాళ్లను, గుమ్మడి పండించిన రైతును, స్వర్ణలతను, స్వర్ణలత మొగుణ్ణి, మొగుడి బుద్ధిని, పక్కింటి కుక్కను. టేబుల్ కింద ఎవరి చెయ్యి ఎక్కడుందో నేను చూడలేదు. పులుసు చల్లారిపోయింది. ఎవ్వరూ ఏమీ అనలేదు.